పిట్టలు చూసేవాళ్లకు తోడు ఎక్కడ దొరుకుతుంది? మాస్టోడాన్, లెమ్మీ, బ్లూస్కైలలో ఏది మేలు?

అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనబడింది. ఆ పిట్ట తిరిగిన లంకమల అడవి పక్కనే ఉంటూ కూడా, పక్షుల గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరకని వాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల కోసమే ఈ మూడు సోషల్ మీడియా వేదికల తూకం.

తొందరగా మనుషులు దొరికేది బ్లూస్కైలో. 2024 ఫిబ్రవరి నుంచి ఎవరైనా నేరుగా చేరొచ్చు. అక్కడి పోస్టులన్నీ ఒకచోటికి చేరతాయి కాబట్టి వెతికితే అందరివీ వస్తాయి. పక్షుల ఫోటోలు మాత్రమే చూపించే ఫీడ్లను వాడేవాళ్లే తయారుచేసి పెట్టారు. స్టార్టర్ ప్యాక్ (ఫాలో కావాల్సినవాళ్ల పేర్లు ఎవరో కూర్చిపెట్టిన జాబితా) దొరికితే ఒక్క నొక్కుతో పదుల మందిని ఫాలో కావచ్చు. కానీ అక్కడ దొరికేది మనుషులే, గుంపు కాదు. ఈరోజు అడిగిన ప్రశ్న రేపటికి కిందికి జారిపోతుంది. పైగా అది నడిచే సాంకేతిక పద్ధతిని ఎవరైనా వాడుకోగలిగినా, ఎక్కువ ఖాతాలు ఇంకా బ్లూస్కై కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి.

మాస్టోడాన్‌లో వెతకడం కష్టం. అది వేరువేరు వాళ్లు నడిపే వేల సర్వర్ల కూడలి. మన సర్వర్‌కు చేరిన పోస్టులే మనకు కనిపిస్తాయి. పోస్టులోని మాటలతో వెతికినా, అందుకు ఒప్పుకున్నవాళ్లు రాసినవే వస్తాయి. అందుకే అక్కడ హ్యాష్‌ట్యాగే దిక్కు. 2022లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి మనిషిని ఫాలో అయినట్టే ట్యాగ్‌నూ ఫాలో కావచ్చు. నలుగురే ఉన్న సర్వర్‌లో చేరి 'బర్డింగ్' ట్యాగ్ పెట్టుకుంటే రోజుల తరబడి ఏమీ రాదు. చాలామంది ఇక్కడే విసిగి వెళ్లిపోతారు, అది చూస్తే బాధేస్తుంది. మొదట జనమున్న సర్వర్‌లోనే చేరండి. తర్వాత సర్వర్ మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు మాత్రం అక్కడే ఉండిపోతాయి. మీరు రాసేటప్పుడు ట్యాగ్ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి పెట్టండి. తెలుగు ట్యాగ్ ఎవరో ఒకరు మొదలుపెట్టకపోతే రెండోవాడికి దొరకదు.

"ఈ పిట్ట ఏది?" అని అడిగి జవాబు దాచుకోవాలంటే లెమ్మీ మంచిది. అక్కడ విషయానికొక గుంపు, ప్రశ్న కింద జవాబులు వరసగా ఉంటాయి. లెమ్మీ కూడా వేరువేరు సర్వర్ల మీదే నడుస్తుంది కాబట్టి, గుంపులను లెమ్మీ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైటులో వెతికి, ఆ గుంపు అడ్రసును మీ సర్వర్‌లోని వెతికే పెట్టెలో వేసుకోవాలి. మీ సర్వర్‌లో అంతకుముందు ఎవరూ చేరని గుంపయితే పాత చర్చలన్నీ కనిపించవు. మాస్టోడాన్ ఖాతాతో కూడా ఆ గుంపును ఫాలో కావచ్చు.

కాబట్టి నా సలహా మాస్టోడాన్‌లో ఖాతా, దాంతోనే ఒకటి రెండు లెమ్మీ గుంపులు. ఓపిక తక్కువైతే బ్లూస్కైతో మొదలుపెట్టండి, తప్పేం లేదు.

ఎక్కడ చేరినా, అరుదైన పక్షి కనబడితే ఊరు, గుట్ట, దారి గుర్తులు రాయొద్దు. జిల్లా పేరు చాలు. మాస్టోడాన్‌లో పోస్టు తీసేస్తే మిగతా సర్వర్లకు తీసెయ్యమని కబురు వెళ్తుంది గానీ, అన్నీ వింటాయన్న భరోసా లేదు. గూడు ఉన్న చోటు ఒకసారి బయటికి పోతే మళ్లీ వెనక్కి తీసుకోలేం.