జాగ్రత్త: ఆయన ఫోన్, ఆయన ఫొటో, ఆయన గొంతు ఎవరి చేతికైనా ఇచ్చే ముందు

క్యాన్సర్‌తో భర్తను పోగొట్టుకున్న ఇంట్లో మొదటి నెలల్లోనే కొన్ని పనులు డబ్బిచ్చి చేయించుకోవలసి వస్తుంది. పెద్ద ఫొటో కట్టించడం, జ్ఞాపకాల పుస్తకం వేయించడం, పాత క్యాసెట్లను ఫైళ్లుగా మార్పించడం, లాక్ పడిన ఫోన్ తెరిపించడం. ఈ పనులు శ్రద్ధగా చేసేవాళ్లు ఉన్నారు. దుఃఖంలో ఉన్నవాళ్లు గుచ్చి గుచ్చి అడగరని తెలిసి ఏదో ఒకటి చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పాడైన సరుకుకి డబ్బు వెనక్కి రావచ్చు గానీ చెరిగిపోయిన గొంతు రాదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోతున్నది ఫోన్ దగ్గర. "లాక్ తీసేస్తాం, లోపలివి ఎక్కడికీ పోవు" అన్న మాట నమ్మకండి. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో, ఉంటుంది. దాన్ని విప్పే తాళం ఆయన పెట్టుకున్న పిన్‌తో ముడిపడి ఉంటుంది. లాక్ తీయడమంటే దుకాణాల్లో చాలాసార్లు చేసేది ఫ్లాష్ కొట్టడం (ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించడం) లేదా ఫ్యాక్టరీ రీసెట్. దాంతో ఆ తాళమే చెరిగిపోతుంది. ఫోన్ తెరుచుకుంటుంది, లోపల ఏమీ ఉండదు, ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు. ఇంట్లో వాళ్లు తోచిన అంకెలు వరుసగా కొట్టడం కూడా ప్రమాదమే. ఐఫోన్‌లో 'ఎరేజ్ డేటా' ఆన్‌లో ఉంటే 10 తప్పుల తర్వాత మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

పిన్ తెలియకపోతే ఫోన్‌ను చార్జింగ్‌లో ఉంచి అలాగే పక్కన పెట్టండి. ఆయన నంబర్ రద్దు చేయించకండి, రీచార్జ్ ఆపకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. నంబర్ పోతే మెయిల్, క్లౌడ్‌లోని ఫొటోలు, వాట్సాప్ అన్నీ ఒక్కసారిగా చేజారతాయి. వాట్సాప్ ఖాతా మామూలుగా 120 రోజులు వాడకపోతే తొలగిపోతుంది. గూగుల్ ఖాతా 2 ఏళ్లు ముట్టుకోకపోతే ఫొటోలతో సహా తొలగించే అవకాశం ఉంది. ఆయన కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో ఆ ఖాతా ఇంకా తెరిచి ఉందేమో ముందు చూడండి. చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది, దుకాణం అవసరమే రాదు.

ఇంకో సంగతి: ఆయన మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్‌లోనే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో 'వాయిస్ నోట్స్' అనే ఫోల్డర్ ఉంటుంది, ఫైళ్లు ఓపస్ రకంలో ఉంటాయి. కేబుల్ పెట్టి ఆ ఫోల్డర్ మొత్తాన్ని రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసుకోండి. సంభాషణను ఫైలుగా బయటికి పంపే 'ఎక్స్‌పోర్ట్ చాట్' మీదే ఆధారపడకండి, దానికి పరిమితి ఉంది, పాత సందేశాలు రాకుండా పోతాయి. గొంతు క్యాన్సర్‌లో స్వరపేటిక తీసేసినవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆపరేషన్‌కు ముందటి గొంతు పాత సందేశాల్లోనూ పాత వీడియోల్లోనూ తప్ప ఇంకెక్కడా మిగలదు. మీ ఫోన్ మార్చాలనుకుంటే ఈ కాపీ అయ్యాకే మార్చండి.

ఇక ఫొటో. దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నది ఏఐ మెరుగుదల. మసక ఫొటో ఇస్తే నిమిషంలో కళ్లు మెరిసేలా తయారవుతుంది. చూడగానే బాగుందనిపిస్తుంది, రెండు రోజులకి "ఈయన కాదు" అనిపిస్తుంది. గ్రూప్ ఫొటోలో ముఖం ఏ 50 పిక్సెళ్ల (ఫొటోలోని చుక్కల) వెడల్పో ఉన్నప్పుడు కనురెప్పలు, పళ్ల వివరం అందులో అసలు లేదు. ఆ లోటును సాఫ్ట్‌వేర్ వేరేవాళ్ల ముఖాల నుంచి నేర్చుకున్నదానితో ఊహించి నింపుతుంది. పుట్టుమచ్చను మరక అనుకుని తీసేస్తుంది. పళ్ల మధ్య సందు పూడ్చేస్తుంది. ఒక కన్ను కాస్త చిన్నదైతే రెండూ సమానం చేస్తుంది. చామనఛాయను తెల్లబరుస్తుంది. ఇంటివాళ్లు ఆయన్ని ఆయనగా గుర్తుపట్టేది సరిగ్గా వీటితోనే.

చికిత్స నాటి ఫొటోలకు ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది. కొన్ని కీమో మందులకు జుట్టుతో పాటు కనుబొమలూ రాలిపోతాయి, కొన్నిటికి చర్మం నల్లబడుతుంది. "జుట్టు పెట్టి మామూలుగా చేయండి" అని అప్పగిస్తే తిరిగొచ్చేది వేరే మనిషి. దానికి బదులు జబ్బు బయటపడక ముందటి ఫొటో వెతకండి: ఆఫీసు కార్డు, పెళ్లి నెగెటివ్‌లు, స్నేహితుల ఫోన్లు. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న పాస్‌పోర్టు ఫొటోను 1200 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) దగ్గర స్కాన్ చేస్తే అడ్డంగా సుమారు 1650 పిక్సెళ్లు వస్తాయి. కాగితం మీద ఉన్న వివరం కంటే ఎక్కువ స్కానర్ తేలేదు, కానీ ఉన్న వివరమంతా నిజం. గీతలు, మరకలు తీయించుకోవచ్చు. ముఖం మాత్రం ముట్టుకోవద్దని ఆర్డరు మీద రాయించండి. జబ్బు నాటి ఫొటోలను ఇప్పుడు చూడలేకపోతే వేరే ఫోల్డర్‌లో దాచండి, చెరిపేయకండి.

ప్రింటుకి 12×18 అంగుళాలంటే 300 డీపీఐ లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. గోడ మీద దూరం నుంచి చూసేదానికి అందులో సగం, 1800×2700 ఉన్నా నిలబడుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600కి కుదించుకుపోతుంది. 'డాక్యుమెంట్'గా పంపితేనే అసలుది అసలుగా వెళ్తుంది. ఫ్రేములో ఫొటో అద్దానికి నేరుగా తగలకూడదు. తేమకు అతుక్కుపోయి, తీయబోతే ముఖం మీద పొర ఊడి వస్తుంది. మధ్యలో మౌంటు అట్ట పెట్టించండి. చవక డై ఇంకు ప్రింటు ఎండ పడే గోడకు త్వరగా వెలిసిపోతుంది, పిగ్మెంట్ ఇంకు అడగండి.

క్యాసెట్ల దగ్గర దగా పసిగట్టడం కష్టం, ఎందుకంటే పోల్చి చూడడానికి ఇంట్లో ప్లేయర్ ఉండదు. ఫైలు సైజు చూడండి. మినీ డీవీ (హ్యాండీక్యామ్‌లలో వాడిన చిన్న డిజిటల్ క్యాసెట్) టేపును ఉన్నదున్నట్టు తీస్తే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. గంట వీడియో ఒక్క జీబీలో ఇచ్చారంటే కుదించి ఇచ్చారన్నమాట. అసలు ఫైలు కూడా కావాలని ముందే చెప్పండి. ఇచ్చే ముందు వీహెచ్‌ఎస్ క్యాసెట్ వెనక అంచున ఉండే రికార్డింగ్ పలకను విరగ్గొట్టండి, మినీ డీవీలో మీటను 'సేవ్' వైపు జరపండి. లేకపోతే ఒక తప్పు బటన్‌తో పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. టేపు అంచుల్లో తెల్లటి బూజు కనిపిస్తే శుభ్రం చేయకుండా ప్లేయర్‌లో పెట్టనివ్వకండి. టేపు తెగవచ్చు, బూజు మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. అన్నీ ఒకేసారి ఇవ్వకుండా అంత ముఖ్యం కానిది ఒకటి ఇచ్చి, ఫైలు మొదటి నుంచి చివరిదాకా చూశాకే మిగతావి, నంబర్లు వేసి ఇవ్వండి.

జ్ఞాపకాల పుస్తకంలో తరచూ చెడేది తెలుగు అక్షరం. ఫోన్‌లో టైపు చేసి పంపింది యూనికోడ్, అంటే ఇప్పుడు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షర పద్ధతి. డిజైన్ చేసేవాళ్లు దాన్ని పాత ఫాంట్‌లోకి మార్చినప్పుడు, లేదా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయనప్పుడు ఒత్తులు విడిపోతాయి, అక్షరం పక్కన పొల్లు కనిపిస్తుంది. వాళ్లకి తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు. చివరి పీడీఎఫ్ తెప్పించుకుని పేరు, తేదీలు, ప్రతి ఫొటో కింది మాట ఇద్దరు చదవండి, అందులో ఒకరు రాసినవాళ్లు కానివాళ్లై ఉండాలి. ఆ తర్వాతే ప్రింటుకు సరేననండి. రాతి మీద, లోహపు పలక మీద చెక్కించేదానికి ఇది రెండింతలు వర్తిస్తుంది.

పలక మీద క్యూఆర్ కోడ్ వేసి "జీవితాంతం పనిచేస్తుంది" అని అమ్ముతున్నారు. స్కాన్ చేసినప్పుడు కనిపించే చిరునామా చూడండి. అది అమ్మినవాళ్ల సైట్‌ది అయితే వాళ్లు మూసేసిన రోజున, లేదా మీరు ఏటా చందా కట్టని రోజున, కోడ్ పనిచేయదు. ఫొటోలన్నీ ఒకేసారి దించుకునే వీలుందా అని కొనే ముందే అడగండి.

చనిపోయినవారి గొంతుతో మాట్లాడించే యాప్‌లు కూడా వస్తున్నాయి. ఓదార్పు దొరికేవాళ్లు ఉండవచ్చు, కాదనం. కానీ ఒకసారి ఎక్కించిన గొంతును వాళ్లు ఇంకా దేనికి వాడుకోవచ్చో నిబంధనల్లో చదవకుండా ఎక్కించవద్దు.

ఏ పని చేయించినా చివర్లో దుకాణం కంప్యూటర్‌లోని ఫైళ్లు మీ ఎదుటే తీసేయించండి. తయారైన ఫొటోను తమ పనికి నమూనాగా సోషల్ మీడియాలో పెట్టుకునే దుకాణాలున్నాయి. మీ అనుమతి లేకుండా ఆయన ఫొటో ఎక్కడా పెట్టకూడదని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రసీదు మీద ఒక వాక్యం రాయించుకోండి.