పాత బుల్లెట్‌కి ముందు డిస్క్ బ్రేక్: విజయనగరం షెడ్డులో చేయించిన పని ఎలా ఉందంటే

1980ల నాటి బుల్లెట్ 350కి ముందు చక్రానికి ఉన్న డ్రమ్ము బ్రేకు తీయించి డిస్క్ బ్రేకు వేయించాను. విజయనగరంలోనే, దాసన్నపేట వైపు ఒక రేకుల షెడ్డులో. బోర్డు లేదు గానీ పాత బుల్లెట్లు, యెజ్డీలు బయట వరసగా నిలబడి ఉంటాయి కాబట్టి ఎవర్నడిగినా చెప్తారు. పని నాకు బాగా నచ్చింది. డబ్బు గట్టిగానే అయింది, టైము అంతకంటే ఎక్కువ పట్టింది, అయినా రేపు ఇంకో బండి ఉంటే మళ్లీ అక్కడికే తీసుకెళ్తాను. కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పని పాడు చేయడం చాలా సులువు, పాడైతే దెబ్బ తగిలేది మనిషికి.

అసలు అవసరమా అని చాలామంది అడుగుతున్నారు. ఈ బండ్లకి ముందు ఉండేది 7 అంగుళాల డ్రమ్ము, అంటే చక్రం మధ్యలో డబ్బాలా ఉండి, లోపల లైనర్లు అంటించిన షూలు ఒరుసుకుంటే ఆగే బ్రేకు. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా తిరిగే బండికి అది చాలు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ మాకు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు పోవడం అలవాటు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. రెండో గేరులో ఇంజన్ పట్టు మీద దిగినా, వెనక మనిషి, సామాను ఉంటే మలుపు మలుపుకీ బ్రేకు పట్టాల్సిందే. డ్రమ్ము లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి తక్కువ. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, లైనర్ల పట్టు కూడా తగ్గుతుంది, దాంతో పైన బిగుతుగా ఉన్న లివర్ ఘాట్ కిందున్న బొడ్డవర దగ్గరికి వచ్చేసరికి హ్యాండిల్ గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. కేబుల్ ఎంత టైట్ చేసినా అంతే. వానలో డ్రమ్ములోకి నీళ్లు వెళ్తే మొదటి రెండు మూడు సార్లు పట్టినట్టే ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత బుల్లెట్లకి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. ఇంట్లో ఇంకో మామూలు బండి కూడా నడిపేవాళ్లకి, ఉన్నట్టుండి కుక్క అడ్డం వస్తే ఏ కాలు నొక్కాలో ఆ క్షణంలో తేల్చుకోవడం కష్టం. చెయ్యి మాత్రం ఏ బండి మీదైనా అదే లివర్ మీదకి వెళ్తుంది. 160 కిలోలు దాటిన ఈ బండికి చేతి బ్రేకు నమ్మకంగా ఉండాలనేది అందుకే నా పట్టుదల.

మొదట విశాఖలో ఒక షాపులో అడిగాను, పేరు వద్దులెండి. ఉన్న షాకబ్జర్ కాలికే ఇనప పట్టీ వెల్డింగ్ చేసి కాలిపర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కిపట్టే భాగం) తగిలించేస్తాం, సాయంత్రానికి బండి తీసుకెళ్లిపోవచ్చు అన్నారు. వినగానే టెన్షన్ వచ్చింది. బ్రేకు పట్టినప్పుడు డిస్కు కాలిపర్‌ని తనతో పాటు లాక్కుపోవాలని చూస్తుంది, ఆ బలం మొత్తం ఆ పట్టీ మీదే పడుతుంది. డ్రమ్ము కోసం చేసిన కాలికి ఆ చోట అంత బలం ఓర్చుకునే ఏర్పాటే ఉండదు. వెల్డింగ్ ఊడితే కాలిపర్ వెళ్లి స్పోకుల్లో పడుతుంది. ఈ మాట ఎవరు చెప్పినా అక్కడి నుంచి బండి స్టార్ట్ చేసుకుని వచ్చేయండి.

దాసన్నపేట మెకానిక్‌ది పూర్తిగా వేరే లెక్క. డిస్క్ అనగానే ముందు బండి సెంటర్ స్టాండు వేయించి, ముందు చక్రం పైకి లేపి, షాకబ్జర్ కాళ్లు రెండూ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు. తర్వాత టైరు పక్కన వంగి తారీఖు చదివాడు. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి కదా, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. "డిస్కెయ్యడం ఎంత సేపు బాబూ. అది పట్టినప్పుడు ఈ బుష్‌లు, ఈ టైరు ఓర్చుకోవాల గదా. అవన్నీ సూసి సేస్తే బేగి అవదు, బేగి గావాలంటే నన్నొగ్గీండి" అన్నాడు. నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

అతని పద్ధతి ఏమిటంటే, ఒక్కో ముక్క ఒక్కో బండి నుంచి తెచ్చి అతికించడు. ఎలక్ట్రా, థండర్‌బర్డ్ లాంటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకి కంపెనీయే ముందు డిస్క్ ఇచ్చింది కాబట్టి, ఆ రకం ఫోర్కు కాళ్లు (అవే షాకబ్జర్ కాళ్లు), హబ్బు (స్పోకులు తగిలించే చక్రం మధ్య భాగం), ఆక్సిల్, 280 మి.మీ. డిస్కు, రెండు పిస్టన్ల కాలిపర్, స్పీడు మీటర్‌ని తిప్పే గేర్, అన్నీ ఒకే సెట్టుగా తీసుకొస్తాడు. కాలిపర్ బిగించే చెవులు ఆ కాలితో పాటే పోతపోసి ఉంటాయి కాబట్టి వెల్డింగ్ గొడవే ఉండదు. డిస్కు, ఫోర్కు కాళ్లు వాడినవే దొరికాయి; కాలిపర్ సీళ్లు, ప్యాడ్లు, హోస్ పైపు, బేరింగులు మాత్రం కొత్తవి తప్ప వేయనన్నాడు. వాడిన డిస్కు తీసుకునేవాళ్లు ఒకటి గమనించండి, చాలా డిస్కుల మీద ఇంతకంటే పలచబడితే వాడకూడదు అనే కొలత చెక్కి ఉంటుంది. ఇతను ఆ అంకె నాకు చూపించి, మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలిచి, అప్పుడే సరే అన్నాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ని కాలిపర్ వైపు నెట్టే భాగం) దగ్గర అతను రాజీ పడకపోవడం. పార్టుల షాపులో చేతికి వెంటనే దొరికింది 14 మి.మీ. బోరుది (బోరు అంటే లోపలి వ్యాసం), ఇతనికి కావాల్సింది 12.7. తేడా చూడ్డానికి ఏమీ లేదు, ఒకటిన్నర మిల్లీమీటరు కూడా కాదు. కానీ లెక్క వేస్తే పిస్టన్ వైశాల్యం ఒకదానికి 154 చదరపు మి.మీ., రెండోదానికి 127. మన వేళ్ల బలం అంతే ఉంటుంది కాబట్టి, బోరు పెద్దదైతే ఆయిల్‌లో పుట్టే ప్రెషర్ దాదాపు 18 శాతం తగ్గిపోతుంది. లివర్ పట్టుకుంటే చెక్క పట్టుకున్నట్టు గట్టిగా తగులుతుంది, జనం అదే మంచి బ్రేకు అనుకుంటారు, తీరా బండి ఆగదు. అలాగని మరీ చిన్న బోరు వేస్తే ప్రెషర్ బాగా వస్తుంది గానీ లివర్ గ్రిప్పు దాకా ప్రయాణం చేస్తుంది. డిస్క్ వేయించాం గానీ డ్రమ్మే నయం అనేవాళ్ల బండ్లలో చాలావాటి రోగం ఇక్కడే ఉంటుందని నా అభిప్రాయం. కాలిపర్ ఏ బండిదో మాస్టర్ సిలిండర్ కూడా ఆ బండికి సరిపడేదే ఉండాలి, అందానికని ఏ స్పోర్ట్స్ బండిదో తెచ్చి పెట్టకూడదు. సరైన సైజు పార్టు వచ్చేదాకా బండి షెడ్డులోనే పడి ఉంది, అప్పుడు విసుగొచ్చింది గానీ ఇప్పుడు లివర్ పట్టుకున్న ప్రతిసారీ ఆ ఆలస్యం మంచిదే అనిపిస్తుంది.

హబ్బు మారితే పాత స్పోకులు పనికిరావు, పొడవు వేరు. రిమ్ము మాత్రం నాదే, 19 అంగుళాలది, అది ఉంచమన్నాను. స్పోకులు కట్టే పని ఇంకో పెద్దాయన చేశారు. చక్రాన్ని స్టాండు మీద పెట్టి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని నెమ్మదిగా తిప్పితే గీత ఎక్కడ పడుతుందో అక్కడ వంకర ఉన్నట్టు. గీత పడిన వైపు స్పోకు కాస్త వదులు చేసి, అవతలి వైపుది బిగిస్తూ, ఆ గీత చుట్టంతా ఒకేలా పడేదాకా కూర్చున్నారు. ఆ తర్వాత డిస్కుకి డయల్ గేజ్ పెట్టారు. బైకులకి సాధారణంగా ఈ వంకర 0.3 మి.మీ. లోపు ఉండాలి, దాటితే లివర్ చేతి కింద కొట్టుకుంటుంది. మా దాంట్లో ముల్లు కదిలిందా లేదా అన్నట్టుంది.

బ్రేకు పైపులో గాలి తీయడం కూడా దగ్గరుండి చూశాను. బ్రేక్ ఆయిల్ నొక్కినా కుదించుకోదు, గాలి కుదించుకుపోతుంది, కాబట్టి పైపులో చిన్న బుడగ ఉన్నా లివర్ మెత్తగా అయిపోతుంది. లివర్ నొక్కి పట్టుకుని కింద కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ పావు తిప్పు తిప్పి, మూసి, అప్పుడు లివర్ వదలడం, ఇలా బుడగలు ఆగేదాకా. చివర్లో లివర్‌ని రబ్బరు పట్టీతో గ్రిప్పుకి కట్టేసి రాత్రంతా వదిలేశాడు, మిగిలిన సన్న బుడగలు పైకి వచ్చేస్తాయని. పొద్దున చూస్తే లివర్ ఇంకాస్త బిగిసింది. పైపు బోల్టు దగ్గర రాగి వాషర్లు కొత్తవే వేశాడు, పాతవి మళ్లీ వాడితే అక్కడే కారడం మొదలవుతుంది. ట్యాంకు మీద తడి గుడ్డ కప్పాడు, ఎందుకంటే ఈ ఆయిల్ చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది, ఆ బంగారు గీతల ట్యాంకు మళ్లీ రాయించాలంటే మాటలు కాదు. పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి.

ఆయిల్ గురించి ఇంకో మాట. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, మళ్లీ అదే మెత్తని లివర్, అదీ ఘాట్ మధ్యలో. సముద్రం పక్కన ఉండే మన జిల్లాల్లో తేమకి కొదవ లేదు కాబట్టి రెండేళ్లకోసారి తప్పకుండా మార్పించుకోండి, చూడ్డానికి బాగానే ఉంది కదా అని వదిలేయకండి.

రోడ్డు మీద ఎలా ఉందో చెప్తాను. మొదట్లో కొత్త ప్యాడ్లు సరిగ్గా పట్టవు, డిస్కుకి అలవాటు పడాలి. రింగు రోడ్డు మీద తెల్లవారుజామున 50 వేగంలో వెళ్తూ, పూర్తిగా ఆపకుండా పది దాకా తగ్గించడం, మళ్లీ వేగం అందుకోవడం, ఇలా మధ్య మధ్య చల్లారనిస్తూ చేయమన్నాడు. అలా చేశాక పట్టు వచ్చింది. తర్వాత అనంతగిరి ఘాట్ దిగాను, వెనక మనిషితోనే. ఘాట్ పైన గాలికొండ దగ్గర లివర్ ఎక్కడ పట్టుకుందో కింద బొడ్డవరలో కూడా అక్కడే పట్టుకుంది. నాకు కావాల్సింది ఇదే. రెండు వేళ్లతో ఎంత నొక్కితే అంతే ఆగుతుంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. వానలో మొదటి చక్రం తిరుగుడులోనే నీళ్లు తుడుచుకుపోయి పట్టేస్తుంది.

కానీ జాగ్రత్త, దీనికి ఏబీఎస్ (గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, వాటికి అలవాటు పడి ఈ బండి మీద వానలోనో, చింతపల్లి బీచ్ దారిలో ఇసుక పడి ఉన్న చోటో లివర్ ఒక్కసారిగా లాగితే ముందు చక్రం బిగుసుకుపోయి మనిషి కింద ఉంటాడు. పాత డ్రమ్ముకి చక్రం అంత సులువుగా బిగుసుకునేది కాదు, ఇప్పుడు బిగుసుకుంటుంది. ఇంట్లో ఇంకెవరైనా బండి తీస్తే ముందే చెప్పాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. చెప్పిన రోజుకి బండి ఇవ్వలేదు, ఫోన్ చేస్తే ఎత్తరు, వెళ్లి కూర్చుంటేనే పని కదులుతుంది. బిల్లు చిన్న కాగితం మీద రాసిచ్చాడు, అదీ గట్టిగా అడిగాక. మొత్తం 17,000 దాటింది, అందులో సగం పైన పార్టులకే. ముందు లివర్ పట్టినప్పుడు వెనక లైటు వెలగాలి కదా, ఆ స్విచ్ వైరు కలపకుండానే బండి చేతికిచ్చాడు, అడిగితే అప్పుడు కలిపాడు. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు ప్యాడ్లు కాస్త కీచుమంటున్నాయి, వేడెక్కాక ఆగిపోతుంది.

ఊళ్లోనే తిరిగే బండి అయితే ఇంత ఖర్చు వద్దు. డ్రమ్ము లేత్ మీద గుండ్రంగా తీయించి, షూలకి మంచి లైనర్లు వేయించి, అవి డ్రమ్ము వంపుకి సరిపోయేలా రాపించి, కొత్త కేబుల్ వేసుకోండి, చాలా తేడా వస్తుంది. ఒరిజినల్‌గా ఉంచి విలువ పెంచుకోవాలనుకునేవాళ్లు కూడా దీని జోలికి రావద్దు. చట్టం సంగతి కూడా చూసుకోవాలి, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52లో కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండి మార్చడం మీద ఆంక్షలున్నాయి, కాబట్టి పని మొదలెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి, ముఖ్యంగా ఆర్సీ రెన్యువల్ దగ్గర పడుతున్నవాళ్లు.

షెడ్డుకి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే జనం ఎక్కువ. ఊడదీసిన పాత చక్రం, డ్రమ్ము ప్లేటు, ఫోర్కు కాళ్లు అన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి, గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టుకుంటే ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు, ఆ పాత హబ్బులు ఇప్పుడు బయట అంత సులువుగా దొరకవు.