పక్షి ఒంట్లో సీసం: ఈకతో కొలవడం మేలా, రక్తంతోనా?

కడప లాంటి ఊళ్లో భార లోహాల వల్ల పక్షుల ఆరోగ్యం ఏ మేరకు దెబ్బతింటోందో చూడాలని పూనుకునే జంతుశాస్త్ర విద్యార్థి ముందుగా తేల్చుకోవలసింది ఏ యంత్రం మీద కొలవాలన్నది కాదు. ఏ పక్షిని ఎంచుకోవాలి, దాని నుంచి ఏమి తీసుకోవాలి అన్నది. మామూలుగా ఈ నిర్ణయం ఆలోచన లేకుండానే జరిగిపోతుంది. ఈకలు చెట్ల కింద ఊరికే దొరుకుతాయి, ఏ పక్షినీ పట్టనక్కర లేదు, కవరులో వేసి బీరువాలో పెడితే ఏడాదైనా చెడవు. కాబట్టి ఈకలే ప్రాజెక్టు అవుతాయి. ఈక, రక్తం, రెట్ట, గుడ్డు అనే నాలుగు దారుల్నీ, పావురం, కాకి, పిచ్చుక అనే మూడు పక్షుల్నీ పక్కపక్కన పెట్టి చూశాక నా అభిప్రాయం వేరు. అడుగుతున్నది పక్షి ఆరోగ్యం గురించీ, చూస్తున్న లోహం సీసమూ అయితే, మన ఊళ్లలో మిద్దెల మీద పెంచుకునే పావురం రక్తమే అన్నిటికన్నా మేలు.

ఎందుకు మేలో తెలియాలంటే సీసం పక్షి ఒంట్లోకి ఎలా చేరుతుందో కొంచెం చూడాలి. గింజలు తినే పక్షులకు పళ్లు ఉండవు గనుక అవి ఇసుక రేణువులనూ సన్నని రాళ్లనూ ఏరుకుని మింగుతాయి. ఆ రాళ్లు కందనకాయలో నిలిచి గింజను నూరుతాయి. రోడ్డు పక్క మట్టిలో రాలిన పాత రంగు పెచ్చునో, బ్యాటరీ ప్లేటు నుంచి ఊడిన ముక్కనో పక్షి రాయి అనుకుని మింగితే, కందనకాయ దాన్ని కూడా నూరుతుంది. లోపలి ఆమ్లంలో కరిగిన సీసం పేగుల్లోంచి రక్తంలోకి పోతుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అమ్ముతున్నది సీసం కలపని పెట్రోలే. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయినా అంతకు ముందు నేలలో పడ్డ సీసం ఎండకూ వానకూ విరిగిపోయే పదార్థం కాదు. అది పడ్డచోటే ఉంటుంది, గాలి లేచినప్పుడు దుమ్ముతో పాటు లేస్తుంది.

ఒంట్లో చేరిన సీసాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. గుడ్డు పెట్టే రోజుల్లో పెంకు కోసం ఆడ పక్షి ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించినప్పుడు, దాచిన సీసం కూడా మళ్లీ రక్తంలోకి వస్తుంది. ఎర్ర రక్త కణాల్లో ప్రాణవాయువును మోసే హీమ్ తయారీకి కావలసిన ఆలాడ్ అనే ఎంజైమును అది మొట్టమొదట అడ్డుకుంటుంది. మోతాదు పెరిగేకొద్దీ రక్తహీనత, ఆ తర్వాత నరాల బలహీనత వస్తాయి: రెక్కలు వాలిపోతాయి, రెట్ట పచ్చగా పడుతుంది, రొమ్ము ఎముక కత్తి అంచులా బయటికి తేలుతుంది. అంతటి పక్షిని ఎవరైనా గుర్తుపట్టగలరు. ఊళ్లో ఎగురుతూ తింటూ ఆరోగ్యంగానే కనిపించే పక్షుల్లో లోపల ఏమి జరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

ఈక ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పదు. పెరుగుతున్న ఈక మొదట్లో రక్తనాళం ఉంటుంది. ఆ కొద్ది వారాల్లో రక్తంలో ఉన్న లోహమే ఈకలోని కెరటిన్ అనే ప్రొటీనుకు అంటుకుంటుంది. పెరుగుదల పూర్తి కాగానే ఆ నాళం ఎండిపోతుంది, ఆపైన లోపలి నుంచి ఈకకు ఏమీ అందదు. అంటే నేల మీద దొరికిన ఈక, అది మొలిచిన నాటి రక్తం సంగతి మాత్రమే చెబుతుంది. ఆ నాడు ఎప్పుడో, ఆ పక్షి అప్పుడు ఎక్కడుందో మనకు తెలియదు. ఇంతకన్నా పెద్ద చిక్కు దుమ్ము. ఈక మొలిచిన దగ్గర నుంచి రాలే దాకా గాలిలోని సీసం దాని పైన పడుతూనే ఉంటుంది. ప్రయోగశాలల్లో ఎసిటోన్‌తోనూ శుద్ధ జలంతోనూ మార్చి మార్చి కడుగుతారు గానీ, పైన పట్టిన సీసం పూర్తిగా వదలదు. ఏడాదిలో ఎక్కువ భాగం పొడిగా ఉండే కడపలో, ఏడు రోడ్ల కూడలి దగ్గర ఎండాకాలం చివర ఏరిన ఈకలో బయటపడే సీసంలో పక్షిది ఎంతో, వీధిది ఎంతో విడదీసి చెప్పడం చాలా కష్టం. కూడలిలోని దుమ్మును కొలవాలంటే దుమ్మునే కొలవవచ్చు, మధ్యలో పక్షి ఎందుకు?

రంగు సంగతి కూడా ఉంది. నల్ల వర్ణకమైన మెలనిన్ లోహాలను పట్టుకుంటుంది. పారిస్ పావురాల మీద 2014లో వెలువడిన పరిశోధనలో ముదురు రంగు పావురాల ఈకల్లో జింకు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కాబట్టి కాకి ఈకలో లోహం ఎక్కువ, కొంగ ఈకలో తక్కువ అని తేలినా, అందులో కొంత ఆ పక్షుల తిండి వల్ల కాక కేవలం రంగు వల్ల వచ్చిన తేడా కావచ్చు. ఈకలతోనే పని చేయక తప్పని వారు ఒకే జాతిలో, ఒకే రంగు ఉన్న, ఒకే స్థానపు ఈకలను పోల్చాలి.

రక్తానికి వస్తే, పక్షుల్లో రక్తంలోని సీసం సుమారు రెండు వారాల్లో సగానికి పడిపోతుంది గనుక, అక్కడ కనబడేది ఇటీవల తిన్నదీ పీల్చినదీ. దుమ్ము కలవడమన్న బెడద, చర్మాన్ని శుభ్రంగా తుడిచి తీస్తే, దాదాపు ఉండదు. నన్ను ఒప్పించిన కారణం మాత్రం మరొకటి: సీసం మోతాదునూ అది చేసిన హానినీ ఒకే చుక్కలో చూడవచ్చు. అదే నమూనాలో ఆలాడ్ ఎంజైము ఎంత చురుకుగా ఉందో, రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంతో కొలిస్తే, లక్షణాలు పైకి కనబడక ముందే హాని మొదలైందో లేదో తెలుస్తుంది. ఈ అవకాశం ఈకకు లేదు, రెట్టకూ గుడ్డుకూ లేదు.

తీసే పద్ధతి చేయి తిరిగిన వారికి కష్టం కాదు. ఒకరు పావురాన్ని వెల్లకిలా పట్టుకుని రెక్క చాపితే, మోచేయి మడత దగ్గర సన్న ఈకలను స్పిరిట్ దూదితో తడిపి పక్కకు దువ్వగానే చర్మం కింద నీలంగా రక్తనాళం కనిపిస్తుంది. సన్న సూదితో గుచ్చి, పైకి ఉబికిన రక్తాన్ని రక్తం గడ్డ కట్టనివ్వని హెపారిన్ పూసిన గాజు గొట్టంలోకి తీసుకోవాలి. అదే పనికి వాడే మరో రసాయనం ఈడీటీఏ ఉన్న గొట్టం వాడితే ఆలాడ్ ఎంజైముకు అవసరమైన జింకును అది లాగేస్తుంది గనుక లెక్క తప్పుతుంది. సూది తీశాక ఒక నిమిషమైనా దూదితో అదిమి పట్టాలి, లేకపోతే పావురానికి అక్కడ చర్మం కింద రక్తం చేరి ఉబ్బడం మామూలు. శరీర బరువులో నూటికి ఒక వంతు దాకా రక్తం తీయవచ్చన్నది సాధారణంగా పాటించే హద్దు. మూడు వందల గ్రాముల పావురానికి అది మూడు మిల్లీలీటర్లు. మనకు కావలసింది అందులో పదో వంతు కూడా ఉండదు. పాతిక గ్రాముల పిచ్చుక దగ్గర మాత్రం పావు మిల్లీలీటరు దగ్గరే ఆగిపోవాలి.

వచ్చిన అంకెను అర్థం చేసుకోవడంలో జాగ్రత్త అవసరం. బాతుల వంటి నీటి పక్షుల విషయంలో వంద మిల్లీలీటర్ల రక్తానికి 20 మైక్రోగ్రాముల లోపు సీసం ఉంటే మామూలు స్థితిగా, 20 నుంచి 50 దాకా పైకి కనబడని హానిగా, 50 దాటితే జబ్బుగా, 100 దాటితే తీవ్ర విషప్రభావంగా చెబుతారు. పావురాలు ఇంతకన్నా ఎక్కువ సీసాన్ని తట్టుకుని తిరుగుతాయి గనుక ఈ హద్దులను అలాగే తెచ్చి అంటించకూడదు. అందుకే సిద్ధవటం వైపు ఏదైనా పల్లెలో, రద్దీ రోడ్డుకు దూరంగా పెరిగిన పావురాల రక్తాన్ని కూడా అదే నెలలో తీసి పోల్చుకోవాలి. నెల సంగతి ఎందుకంటే, న్యూయార్క్ నగరపు పావురాల మీద 2016లో వచ్చిన పరిశోధనలో వేసవిలో సీసం ఎక్కువగా కనిపించింది. అంతకన్నా ముఖ్యంగా, ఏ పేటల్లో పావురాల రక్తంలో సీసం ఎక్కువగా ఉందో ఆ పేటల్లోనే పిల్లల రక్తంలోనూ ఎక్కువగా ఉంది. మునిసిపాలిటీని కదిలించగల వాదన ఏదైనా ఉంటే అది ఇదే.

లోహం మారితే తీర్పు కూడా మారుతుంది. పాదరసం విషయంలో ఈకదే పైచేయి: చేపలు తినే పక్షి ఒంట్లోని మిథైల్ పాదరసంలో చాలా భాగం ఈకల్లోకే పోతుంది, అది బయటి దుమ్ము వల్ల వచ్చేది కూడా కాదు. బుగ్గవంకలోనో పెన్నలోనో వేటాడే కొంగల్లో, నీటికాకుల్లో పాదరసం చూడాలనుకుంటే ఈకలు ఏరుకోవడమే సరైన పని. తిండి గొలుసులో పైకి పోయేకొద్దీ లోహాలన్నీ పెరుగుతాయని పాఠాల్లో రాస్తుంటారు గానీ, అది పాదరసానికి వర్తించినట్టు సీసానికి వర్తించదు.

కాడ్మియం వేరే కథ. ప్రొద్దుటూరు బంగారు పని మన జిల్లాలో అందరికీ తెలిసినదే. కేడీఎం అని మనం పిలిచే నగల్లో అతుకు వేసే టంకంలో కలుపుతూ వచ్చినది కాడ్మియమే. 767 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ఈ లోహం ఊదుగొట్టం మంటకు ఆవిరై పోతుంది, దాన్ని ముందుగా పీల్చేది పనివారే. అటువంటి వీధుల్లో పక్షుల మీద ప్రభావం చూడాలంటే ఈక దాదాపు పనికిరాదు, రక్తం కూడా అరకొరగానే చెబుతుంది; కాడ్మియం మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. చైనాలో బీజింగ్, గ్వాంగ్‌జౌ నగరాల పోటీ పావురాల్లో వయసుతో పాటు మూత్రపిండాల్లో కాడ్మియం పెరిగినట్టు కనుగొన్నారు. దీనికోసం పక్షిని చంపనక్కర లేదు. కరెంటు తీగ తగిలో, బండి కింద పడో చచ్చిన పావురాన్ని సేకరిస్తే చాలు.

రెట్ట విషయం రెండు మాటల్లో: పక్షి జీర్ణించుకోకుండా వదిలేసినది అందులో ఉంటుంది, నేల మట్టి కూడా కలుస్తుంది, ఆరోగ్యం గురించి ఏమీ తెలియదు. అడవి పక్షుల గుడ్డు నేను తీయమనను. చట్టప్రకారం రక్షణ ఉన్న పక్షి గుడ్డు తీయడం కూడా వేట కిందికే వస్తుంది. పైగా సీసం గుడ్డులోకి పోయేది తక్కువ. నాటుకోడి గుడ్డు మాత్రం దీనికి మినహాయింపు, అది మనం తినేది కాబట్టి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పెరటికోళ్ల గుడ్లలో అంగడి గుడ్లకన్నా సగటున 40 రెట్లకు పైగా సీసం ఉందని 2022లో తేలింది.

ఇక పక్షి ఎంపిక. కాకి అన్నీ తింటుంది, చెత్తకుప్ప మీదా మాంసం అంగడి ముందూ ఉంటుంది గనుక మంచి సాక్షిలా తోస్తుంది. కానీ అది రాత్రి నిద్రకు ఊరి ఒక కొసకూ పగలు తిండికి మరో కొసకూ పోతుంది, దాని ఒంట్లోని సీసం ఏ పేటదో చెప్పలేము. పట్టడం మరీ కష్టం: ఒకదాన్ని పట్టుకుంటే వందొచ్చి నెత్తిన పడతాయి, పిండం పెట్టే పక్షిని వలలో వేశారని వీధిలోని పెద్దవాళ్లూ ఊరుకోరు. శాస్త్రం దృష్టిలో పిచ్చుక అన్నిటికన్నా నిఖార్సైనది. పిల్లలకు తిండి గూటికి కొద్ది దూరంలోనే ఏరుతుంది, కాబట్టి గూటి పిల్ల రక్తం ఆ వీధి సంగతినే చెబుతుంది. ఆస్ట్రేలియాలోని సీసపు గనుల ఊళ్లయిన బ్రోకెన్ హిల్, మౌంట్ ఈసాల్లో పిచ్చుకల మీదే పని చేశారు. అయితే ఊళ్లో మిగిలిన కొద్ది గూళ్లను ప్రాజెక్టు కోసం కదిలించడం నాకు సమ్మతం కాదు.

గోపురాల మీది ఊరపావురాలు మధ్యేమార్గం. కానీ వాటిని వలవేసి పట్టే ముందు అటవీ శాఖను అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మళ్లీ అదే పావురం చిక్కుతుందన్న నమ్మకం లేదు, వయసు తెలియదు. మిద్దె మీద గూళ్లు కట్టి పావురాలు పెంచేవారి దగ్గర ఈ చిక్కులు చాలావరకు ఉండవు. ఏ పావురం ఎప్పుడు పిల్లగా పుట్టిందో, ఏ జతకు పుట్టిందో యజమాని నోటి మీదే చెబుతాడు. సాయంత్రం ఈల వేస్తే అవే గూటికి వస్తాయి. రక్తం తీయడానికి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది, విద్యార్థి సొంతంగా సూది పట్టనక్కర లేదు.

ఈ ఎంపికకు ఒక బలమైన అభ్యంతరం ఉంది: పెంపుడు పావురం యజమాని వేసే జొన్నలూ సద్దలూ తింటుంది, వీధి పావురంలా రోడ్డు మీద ఏరుకోదు, కాబట్టి దాని రక్తంలో సీసం తక్కువగా కనబడి ఊరు శుభ్రంగా ఉందన్న భ్రమ కలగవచ్చు. నిజమే. దీన్ని దాటడానికి గింజలనూ, తాగే నీటినీ, మిద్దె మీది దుమ్మునూ, గూటికి పూసిన రంగునూ కూడా విడిగా పరీక్షించాలి. పాత రంగుల తలుపు చెక్కలతో కట్టిన గూళ్లలో సీసం వీధి నుంచి కాక గూటి నుంచే రావచ్చు. కాల్షియం తక్కువైన తిండి సీసాన్ని ఎక్కువగా పీల్చేలా చేస్తుంది గనుక, గుల్ల సున్నమో గుడ్డు పెంకులో వేసే మిద్దెనూ వేయని మిద్దెనూ ఒకే పట్టికలో కలపకూడదు.

ఈకను పూర్తిగా వదలనక్కర లేదు కూడా. రక్తం తీసిన రోజునే తోకలో పక్క ఈక ఒకటి పీకితే ఆ చోట వెంటనే కొత్త ఈక మొలవడం మొదలవుతుంది. అది పూర్తిగా ఎదిగాక మళ్లీ అదే మిద్దెకు వెళ్లి ఆ ఈకనూ ఇంకో చుక్క రక్తాన్నీ తీసుకుంటే, ఈక ఏ వారాల్లో పెరిగిందో కచ్చితంగా తెలుస్తుంది, దుమ్ము పట్టడానికి దొరికిన కాలమూ తక్కువే. చేతిలో డబ్బు ఒక పరీక్షకే ఉంటే మాత్రం రక్తానికే ఖర్చు పెట్టాలి, ఈకను కవరులో వేసి తేదీ రాసి దాచుకోవాలి.