మోరిస్ మైనర్ 1000: బాగుచేసుకుని తొమ్మిదేళ్లు నడిపాక

నాది 1964 మోరిస్ మైనర్ 1000, రెండు డోర్లది, 1098 సీసీ ఇంజిన్. ఏళ్ల తరబడి షెడ్డులో టార్పాలిన్ కింద పడున్న బండిని తెచ్చి, ఇంటి దగ్గరే రెండున్నరేళ్లు పనిచేసి రోడ్డెక్కించాను. తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను.

మొదట్లో టెన్షన్ అంతా ఇంజిన్ గురించే. అసలు తిరగలేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పల్చటి ఆయిల్ పోసి వారం వదిలేశాను. తర్వాత స్టార్టింగ్ హ్యాండిల్‌తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపితే కదిలింది. కార్బురేటర్ కడిగి, వాల్వ్ గ్యాప్ 12 థౌకి (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) పెట్టాక ఈరోజు దాకా ఇంజిన్ విప్పలేదు.

నన్ను ఏడిపించింది తుప్పు. దీనికి విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. డోరు కింద సిల్ మీద పెయింట్ నిగనిగలాడుతోంది కదా అని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే పిడి దాకా దిగిపోయింది. పెయింట్ కింద పుట్టీ, పుట్టీ కింద తీగ వల, దాని వెనక ఖాళీ. వెనక కమాన్ పట్టీలు తగిలే చోటా ఇదే కథ. సిల్ కోసే ముందు డోరు ఫ్రేములో అడ్డంగా ఇనుప పైపు వెల్డ్ చేసుకోవాలి. లేదంటే బాడీ కుంగిపోయి తర్వాత డోరు సరిగ్గా పడదు.

కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ముందు చక్రాల ట్రునియన్ల గురించి. ట్రునియన్ అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే మర కీలు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం ఆ మర మీద తిరుగుతుంది. గ్రీజు ఎండితే ఆ మర అరిగి ఊడిపోతుంది. రెండో ఏడాది నేను గ్రీజు మాట మర్చిపోయాను. గేటు దగ్గర పూర్తిగా తిప్పుతుంటే ఎడమ చక్రం మడతపడి బండి కూలబడింది. వెనక సీట్లో పిల్లలున్నారు. అదే పెద్ద రోడ్డు మీదైతే అన్న ఆలోచన ఇప్పటికీ వదలదు. అప్పటినుంచి ప్రతి 1,500 కిలోమీటర్లకూ జాకీ ఎత్తి, చక్రం మీద బరువు లేకుండా చేసి, నల్లటి పాత గ్రీజు పోయి కొత్తది బయటికొచ్చేదాకా గ్రీజు గన్ కొడతాను.

బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, కాలి బలానికి తోడిచ్చే సర్వో లేదు. కాలు గట్టిగా వేయాలి, ముందు బండికి బాగా దూరం ఉంచాలి. పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోరులో ఉంటుంది. దాని బోల్టులకు టార్షన్ బార్ (ముందు చక్రాలకు స్ప్రింగులా పనిచేసే కడ్డీ) అడ్డం. రోజంతా పట్టే పని.

కానీ మలుపుల్లో ఎంత నిలకడో! దీన్ని డిజైన్ చేసిన అలెక్ ఇస్సిగోనిస్, 1948లో కారు విడుదలకు ముందు ఆఖరి దశలో వెడల్పు 4 అంగుళాలు పెంచాడు. అప్పటికే తయారైన బంపర్లను మధ్యకి కోసి ముక్క అతికించాల్సొచ్చింది. ఆ మార్పు విలువ ప్రతి వంపులోనూ తెలుస్తుంది.

పొద్దున తాళం తిప్పగానే ఫ్యుయెల్ పంపు టక టక టకమని కొట్టుకుని, కార్బురేటర్ నిండగానే ఆగిపోతుంది. ఆగకపోతే ఎక్కడో పెట్రోలు కారుతున్నట్టు. నిన్న ఆగలేదు. బానెట్ ఎత్తి చూస్తే కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె మూత దగ్గర తడి. గాస్కెట్ మార్చాను, ఇప్పుడు ఆగుతోంది.