బ్రౌజర్‌లో గ్రీకు అంకెలు: వేయడం సులువే, చదవడమే తలనొప్పి

లిస్టుకి గ్రీకు అంకెలు, అంటే అంకెల బదులు వాడే గ్రీకు అక్షరాలు కావాలని, వెబ్‌పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌లో లోయర్-గ్రీక్ అనే స్టైల్ పెట్టి ఉంటే ముందు అది తీసేయండి. పేరుకే గ్రీకు, 24 అక్షరాల్ని వరసగా వేసుకుంటూ పోతుంది, అంతే. 5 దాకా బానే ఉంటుంది, 6 దగ్గర జీటా వస్తుంది, గ్రీకు లెక్కలో జీటా అంటే 7. 11కి వచ్చే లామ్డా అయితే ఏకంగా 30! అసలు పద్ధతిలో ఒకట్లకు, పదులకు, వందలకు తలా తొమ్మిది చొప్పున 27 గుర్తులు కావాలి కాబట్టి స్టిగ్మా, కొప్పా, సాంపీ అనే పాత గుర్తుల్ని 6, 90, 900 కోసం ఉంచుకున్నారు.

నాకు నచ్చింది కౌంటర్-స్టైల్, లిస్టు అంకెలు ఎలా ఉండాలో మనమే చెప్పుకునే సీఎస్‌ఎస్ నియమం. అడిటివ్ అని చెప్పి, ఏ విలువకి ఏ అక్షరమో పెద్దదాని నుంచి చిన్నదాకా రాసిస్తే కూడికంతా బ్రౌజరే చూసుకుంటుంది, 666 అడిగితే ఖీ (600), క్సీ (60), స్టిగ్మా (6) చక్కగా వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో 2014లోనే వచ్చింది, క్రోమ్‌లో 2021లో, సఫారీ మాత్రం 2023 దాకా తెమల్లేదు.

జావాస్క్రిప్ట్ నంబర్ ఫార్మాట్ మీద ఆశ పెట్టుకోకండి. తెలుగు అంకెలు అడిగితే ౧౨౩ అని ఇస్తుంది, ఎందుకంటే అక్కడ అంకెకి అంకె మారిస్తే సరిపోతుంది. గ్రీకులో 1కి, 10కి, 100కి వేరే వేరే అక్షరాలు, ఆ పని దానికి రాదు.

ఇక గ్రీకు నుంచి మామూలు అంకెల్లోకి రావాలంటే ఫంక్షన్ మనమే రాసుకోవాలి. చూడటానికి వట్టి కూడికే, కానీ ఇది అంకె అని చెప్పడానికి చివర పెట్టే గీత యూనికోడ్‌లో 0374, ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్‌లను ఒకటి చేసే పద్ధతి) చేయగానే అది 02బీ9 అయిపోతుంది, కాబట్టి రెండూ ఒప్పుకోవాలి. చాలామంది 6ని సిగ్మా, టావ్ అని రెండక్షరాలుగా రాస్తారు, దీనితో మాత్రం ఇబ్బంది లేదు, సిగ్మా అంటే 200, టావ్ అంటే 300, 200 పక్కన 300 ఎప్పుడూ రాదు కదా. అసలు చిక్కు పెద్దక్షరాల్ని చిన్నవి చేసినప్పుడు. 1200 చివర సిగ్మా ఉంటుంది, చిన్నక్షరాలు చేసే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ టు-లోయర్-కేస్ దాన్ని పదం చివర వచ్చే సిగ్మాగా మార్చేస్తుంది, స్టిగ్మా టైపు చేయలేనివాళ్లు 6కి వాడేదీ సరిగ్గా అదే అక్షరం. దాంతో 1200 కాస్తా 1006 అయి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. కేసు మార్చే జోలికి పోకుండా పెద్దక్షరాలకు వేరే టేబుల్ పెట్టుకుని, 1 నుంచి 9999 దాకా అటూ ఇటూ తిప్పే టెస్టు ఒకటి రాసిపెట్టుకోండి.