యెజ్డీకి స్టీలు సైలెన్సర్లు: అన్నీ బాగున్నాయి, మూతి తప్ప

నా పాత యెజ్డీ బైక్‌కి వేయించిన స్టీలు సైలెన్సర్లు ఎలా ఉన్నాయని ఎవరడిగినా నేను ముందు వాటి మూతి గురించే చెప్తాను. శబ్దం, మెరుపు, ధర అన్నీ తర్వాత. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి పొగ తీసుకెళ్ళే బెండ్ పైపు బ్యారెల్‌కి, అంటే సిలిండర్‌కి, తగులుకునే చోట అంగుళం కూడా లేని అంచు ఒకటి ఉంటుంది చూడండి, రెక్కల నట్టు బిగిస్తే నొక్కుకుని కూర్చునేది, దాని మీద కోపం ఇన్నాళ్ళైనా తగ్గలేదు. మిగతా సెట్టంతా మనసు పెట్టి చేసినవాళ్ళు ఆ అంచు దగ్గరికొచ్చేసరికి ఎందుకు చేతులెత్తేశారో అర్థం కాదు.

బండి 1986 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్, టూ స్ట్రోక్ది, మా మామయ్య దగ్గర్నుంచి నాకొచ్చింది. బండి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డాక ఒరిజినల్ సామాను అంటే ఎవరి గోడౌన్లోనో మిగిలిపోయిన పాత స్టాకే. 2022లో యెజ్డీ పేరు మళ్ళీ వచ్చింది గానీ అవి ఫోర్ స్ట్రోక్ బళ్ళు, వాటి సామాను దీనికి అక్కరకు రాదు. నా పాత సైలెన్సర్లేమో కాల్పించీ కాల్పించీ పలచబడిపోయాయి. పెట్రోల్లో కలిపిన ఆయిలు సగం కాలి కార్బన్‌గా పేరుకుంటుంది కదా, మంటలో పెట్టి కాలిస్తే గానీ వదలదు. కాల్చినప్పుడల్లా కార్బన్‌తో పాటు క్రోమూ పోయేది. చివరికి అడుగున తుప్పు పట్టి వేలు దూరేంత చిల్లి పడింది. లోకల్‌గా దొరికే డూప్లికేట్ల క్రోమ్ ఒక వానాకాలం కూడా ఆగదని తెలిసి, బయటి రాష్ట్రం నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు జత తెప్పించాను. బెండ్ పైపులతో కలిపి 9,000 దాటింది.

బాగున్నదాన్ని బాగుందనే చెప్పాలి. ఇందులో బఫెల్, అంటే లోపల శబ్దం తగ్గించే గొట్టం, చేసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వెనక ఒక్క బోల్టు విప్పి లాగితే చిల్లులున్న గొట్టం మొత్తం చేతికొస్తుంది. పాతవాటిలో తోకముక్క తుప్పుతో బిగుసుకుపోయి సుత్తి దెబ్బలు తినేది. ఇప్పుడు బకెట్‌లో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి రాత్రి నానేస్తే, పొద్దున చువ్వతో గీరగానే మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతుంది. చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. అల్యూమినియం సామాను మాత్రం పొరపాటున కూడా ఆ బకెట్లో పడెయ్యొద్దు, సోడా తినేస్తుంది. మా ఆవిడకు ఆ బకెట్ పెరట్లో కనపడటం ఇష్టం లేదు, అది వేరే కథ.

మొదటి నెలల్లో ఈ బఫెల్ మోజులోనే ఉండి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కళ్ళు మూసుకుని కొనండని చెప్పాను. ఇప్పుడు కూడా కొనమనే అంటాను గానీ, కళ్ళు తెరిచి.

బిగించింది విజయవాడ ఆటోనగర్‌లో. మా గుంటూరులో మెకానిక్‌లు లేక కాదు, జావా, యెజ్డీల మీద చెయ్యి తిరిగిన పెద్దాయన అక్కడ ఉన్నాడు. పైపు చేతిలోకి తీసుకుని, సైలెన్సర్ వంక కూడా చూడకుండా మూతి మీద బొటనవేలు తిప్పాడు.

"ఇదేంటి అబ్బాయ్, పూరీ అంచులా ఉంది?"

"స్టీలు కదా బాబాయ్, గట్టిగానే ఉంటుందిలే."

"స్టీలైతే మాత్రం, నట్టు దేన్ని పట్టుకోవాలి?"

ఆయన పాయింటు ఇదీ. కంపెనీ పైపు మూతికి మందంగా ఒక కాలర్ ఉంటుంది. నట్టు దాన్ని సమంగా నొక్కుతుంది, మధ్యలో ప్యాకింగ్ నలిగి సందు మూసుకుంటుంది. ఈ సెట్‌లో కాలర్ లేదు, గొట్టం చివరనే కొట్టి విప్పార్చారు. అంచు ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. దాంతో ప్యాకింగ్ ఒక పక్కే నలుగుతుంది. ఇంజిన్ వేడెక్కినప్పుడు, చల్లారినప్పుడు నట్టు అర మర, పావు మర వదులవుతూ పోతుంది. కొన్నాళ్ళకు నట్టు కింద నల్లటి ఆయిలు చెమ్మ కనిపించింది. ఇంజిన్ వేడి మీద ఉండగా సీ స్పానర్‌తో ఇంకో పట్టు వేస్తే ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. సింగిల్ సిలిండరే అయినా ఈ బండికి పొగ బయటికి పోయే దారులు, అంటే ఎగ్జాస్ట్ పోర్టులు రెండు, పైపులు రెండు, నట్లు రెండు. కాబట్టి తలనొప్పి కూడా రెండింతలు.

అలా పట్లు వేసుకుంటూ నడుస్తున్న రోజుల్లో, సీతాఫలాల సీజన్లో మా బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని కొండవీడు ఘాట్ ఎక్కాను. ఎక్కేటప్పుడు బండి రెండో గేరులో హాయిగా లాగుతోంది. ఈ ఇంజిన్‌కి అదే అందం, తక్కువ ఆర్పీఎంలో కూడా ఇద్దర్ని మోస్తుంది. సగం పైన ఒక మలుపు తిరుగుతుండగా శబ్దం ఒక్కసారిగా పగిలింది. ఎడమ పాదానికి వేడి గాలి కొట్టింది. థ్రాటిల్ ఎంత తిప్పినా మోతే గానీ లాగుడు లేదు. మొదటి గేరు వేసినా ఎక్కనంది.

"బావా, ఆపు ఆపు, పైపు వేలాడుతోంది!"

ఎడమ నట్టు లేదు. బెండ్ పైపు వెనక క్లాంపు మీద వేలాడుతూ ఫుట్‌రెస్ట్‌ను ఒరుసుకుంటోంది. ఇంత మాత్రానికే లాగుడు ఎందుకు పోయింది అంటే, ఇలాంటి టూ స్ట్రోక్‌కి కవాటాలు (వాల్వులు) ఉండవు. ఎగ్జాస్ట్ పోర్టు ఇంకా తెరిచి ఉండగానే కొత్త పెట్రోలు, గాలి మిక్చర్ లోపలికి వస్తుంది. సైలెన్సర్ నుంచి తిరిగొచ్చే ఒత్తిడి అల, జారిపోబోయే మిక్చర్‌ని కొంత వెనక్కి నెడుతుంది. పైపు ఊడితే ఆ నెట్టుడూ లేదు, తాజా పెట్రోలు నేరుగా గాల్లోకి పోతుంది. పుస్తకంలో చదివినప్పుడు తల ఊపాను, కొండవీడు మలుపులో తలకెక్కింది.

నట్టు కోసం ఇద్దరం వెనక్కి నడిచాం. రోడ్డు పక్కన సీతాఫలాల గంప దించుకుని కూర్చున్న పెద్దాయన, "ఇందాక ఏదో దొర్లింది, ఆ తుప్పల్లో చూడు నాయనా" అన్నాడు. నట్టు దొరికింది. ప్యాకింగ్ మాత్రం నలిగి, కాలి, సగం ఊడిపోయి ఉంది. అప్పుడు మా బావమరిదికి ఆలోచన వచ్చింది. టూల్స్ సంచీలో ఎప్పటిదో ఇంటి వైరింగ్ ముక్క ఉంది. తొడుగు ఒలిచి, లోపలి రాగి తీగల్ని జడలా పేని, పైపు మూతి చుట్టూ వరసలు చుట్టాడు. అంచు సన్నగా ఉన్న వైపు ఒక వరస ఎక్కువ. నట్టు చేత్తో ఎక్కించి, రెక్కకు స్క్రూడ్రైవర్ ఆనించి రాయితో చిన్నగా కొడుతూ బిగించాం. కిక్కు కొడితే శబ్దం మళ్ళీ మామూలే. కిందికి దిగి ఫిరంగిపురం మీదుగా గుంటూరు చేరేసరికి నట్టు చుట్టూ ఒక్క చుక్క ఆయిలు లేదు.

సెట్‌తో పాటు ఇచ్చిన ప్యాకింగ్ చెయ్యలేని పని మూరెడు రాగి తీగ చేసింది. రాగి మెత్తన కాబట్టి ఎక్కడ సందుంటే అక్కడికి నలిగి కూర్చుంటుంది. తర్వాత కుడి పక్కకు కూడా అదే చుట్టాం. ఎడమ పక్క ఊడినప్పుడు బ్యారెల్ మర ఒకటి కాస్త దెబ్బతినడంతో దానికి మాత్రం ఆటోనగర్‌లో లేత్ మీద స్టీలు కాలర్ తిప్పించి, మూతికి ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించాను. ఖర్చు వందల్లోనే తేలింది. అమ్మినవాళ్ళే చేసి ఇస్తే ఇంకా చవకయ్యేది.

శబ్దం సంగతి. బఫెల్ ఉన్నంతసేపు పాత గొంతే, కొద్దిగా బరువుగా. బెంజ్ సర్కిల్ దగ్గర ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, వెనక్కొచ్చి వంగి చూసి, బఫెల్ కనపడగానే పొమ్మన్నాడు. కుర్రాళ్ళు ఈ ఒక్క బోల్టు సౌకర్యం చూసి బఫెల్ తీసేసి తిరుగుతున్నారు. చట్టంలో 190(2) సెక్షన్ కింద జరిమానా 10,000 దాకా ఉంది, ఊడబీకిన సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద తొక్కించడం మనం చూస్తున్నదే. అదలా ఉంచినా, బఫెల్ తీస్తే కింది లాగుడు చచ్చిపోతుంది, కార్బురేటర్లో పెట్రోలు కొలిచే జెట్ మార్చకపోతే మిక్చర్ పలచబడి ఎండల్లో పిస్టన్ పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

ఇంకొందరు ఏకంగా రేసు బళ్ళ ఎక్స్‌పాన్షన్ ఛాంబర్, అంటే ఒత్తిడి అలను వాడుకునేలా మధ్యలో ఉబ్బెత్తుగా చేసిన పైపు, పెట్టమంటారు. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950ల్లో ఆ విద్యకు పదును పెట్టాడు. రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో ఆ రహస్యాలతో సుజుకీకి వెళ్ళిపోయాడు, మరుసటి ఏడే 50 సీసీ వరల్డ్ టైటిల్ కొట్టాడు. అంతటి విద్యే, కానీ అది పై ఆర్పీఎంలో ఎగిరే ఇంజిన్ల కోసం. రాళ్ళ మీద నడక వేగంతో ఎక్కే ట్రయల్స్ బళ్ళకు అలాంటి పైపు పెట్టరు, వాటికి కింది లాగుడే ప్రాణం. కొండవీడు ఎక్కాల్సిన నా బండీ ఆ కోవలోదే.

మైలేజీలో తేడా ఏం కనపడలేదు. లీటరుకు 40 మిల్లీ ఆయిలు కలుపుతాను, పొగ ఎప్పటిలాగే. స్టీలు బెండ్ దగ్గర పసుపెక్కి, తర్వాత నీలం తిరిగింది. రెండు వానాకాలాలు దాటినా ఎక్కడా తుప్పు లేదు.

నా వాడకం ఆదివారాలకే పరిమితం. గుంటూరు నుంచి విజయవాడ, ఎప్పుడైనా ఒక కొండ. లేత్ వాళ్ళు తెలిసినవాళ్ళు, వెనక కూర్చునేవాడికి చేతిపని వచ్చు. రోజూ ఆఫీసుకి ఇదే బండి వేసుకెళ్ళేవాళ్ళకు ఇంత ఓపిక ఉంటుందని చెప్పలేను. మీ పాత సైలెన్సర్లు ఇంకా గట్టిగా ఉంటే మాత్రం వాటిని కదిలించకండి, శుభ్రం చేయించి వాడుకోండి.

కొత్త బ్యాచ్‌లో మూతికి కాలర్ వేస్తున్నామని అమ్మినాయన ఫోన్లో అన్నాడు. ఎవరైనా తెప్పించుకుంటే, పెట్టె విప్పగానే మూతి ఫొటో ఒకటి తీసి చూపించండి. అది చూశాకే కుడి పైపు మార్చాలా వద్దా తేల్చుకుంటాను. అప్పటిదాకా ఆ పక్క రాగి తీగే.