గోధుమ చేలో చలికాలం ముందు దుక్కి: పదకొండేళ్ల వాడకం తర్వాత

వానాధారంగా, వసంతంలో విత్తే గోధుమ నాది. కోతలయ్యాక, నేల గడ్డకట్టేలోపు ఏ దుక్కి చేయాలన్న విషయంలో పదకొండేళ్లలో మూడుసార్లు మనసు మార్చుకున్నాను.

మొదటి నాలుగేళ్లు మట్టిని తిరగేసే రెక్క నాగలే. చేను నల్లగా శుభ్రంగా కనిపిస్తే అదో తృప్తి. కలుపు గింజలు లోతుకు పోయి మరుసటి ఏడాది కలుపు తగ్గేది కూడా. అయితే మళ్లీ దున్నితే వాటిలో కొన్ని తిరిగి పైకొచ్చి మొలిచేవి. అసలు దెబ్బ పదును, అంటే నేలలోని తడి దగ్గర. చువ్వ తడి ఉన్నంత లోతే దిగుతుంది; విత్తే ముందు ఇనుప చువ్వ గుచ్చితే జానెడు దిగి ఆగింది. పక్కన దున్నకుండా వదిలిన చెక్కలో అదే చువ్వ మోచేతి లోతు దిగింది. కొయ్యకాళ్లు నిలబడి ఉంటే గాలికి కొట్టుకొచ్చే మంచు వాటి మధ్య ఆగుతుంది. దున్నిన చేలో ఆగదు, పక్కవాళ్ల చేలోకి పోతుంది. మన పదును వాళ్లకి!

గుండ్రటి పళ్లేలతో మట్టిని చిదిపే డిస్క్ హారో ఒక్క ఏడాదే. పని త్వరగా అయింది, మట్టి పిండైంది, ఈదురుగాలికి కళ్లెదుటే లేచిపోయింది. అమ్మేశాను.

తర్వాత దున్నడమే మానేశాను. డీజిల్ మిగిలింది, పదును నిలిచింది. కలుపుమందు మీద ఆధారపడటం మాత్రం పెరిగింది. కంబైన్ (కోత యంత్రం) గడ్డిని సమంగా పరచనిచోట మొలక పలచబడితే వేలితో తవ్వి చూశాను. విత్తే యంత్రం (డ్రిల్) డిస్కు గడ్డిని కోయకుండా చాల్లోకి మడిచి నొక్కింది. గింజ ఆ మడతలో, మట్టి తగలకుండా, పొడిగా ఉంది. గడ్డి చల్లే పరికరం సరిచేశాక ఆ టెన్షన్ పోయింది.

వాలు చెక్కల్లో మాత్రం దున్నకపోవడం పనిచేయలేదు. గడ్డకట్టిన నేల మీద కరిగిన మంచు నీరు ఇంకక కిందికి జారిపోయేది. అందుకే ఇప్పుడు అక్కడ మట్టిని తిరగేయకుండా చీల్చే ఉలి నాగలి, వాలుకి అడ్డంగా. దాని చాళ్లు నీటిని పట్టుకుంటాయి. మెలి కర్రులు మట్టిని ఎక్కువ తిరగేసి గడ్డిని పూడుస్తాయి కాబట్టి తిన్నని సన్న కర్రులే వాడుతున్నాను. నేల పొడిగా ఉంటేనే పగులుతుంది. ఒకసారి వాన వెలిసీ వెలియకముందే తోలితే, తడి బంకమట్టిలో కర్రతో గీసినట్టు గీతలే మిగిలాయి, డీజిల్ దండగ. చదును నేలను ఇప్పటికీ ముట్టుకోను, ట్రాక్టర్ తిరిగి గట్టిపడిన చివర్లు తప్ప.